హెచ్‌ఐవీ ఉన్నవారికి, లేనివారికి ఎంపాక్స్ సోకితే: తేడా ఎక్కడ వస్తుంది?

తరువాత చదివేవారికి సందర్భం తెలియడం కోసం ముందుగా మీ ప్రశ్న సారాంశం రాస్తున్నాను. మీరు రాజమహేంద్రవరంలో ఉంటున్నారు, ఎనిమిదేళ్లుగా ఏఆర్‌టీ మందులు (హెచ్‌ఐవీని అదుపులో ఉంచేవి) వాడుతున్నారు, కిందటి పరీక్షలో మీ వైరల్ లోడ్, అంటే రక్తంలో హెచ్‌ఐవీ వైరస్ పరిమాణం, కనిపించని స్థాయిలో ఉందని తేలింది. దుబాయి నుంచి వచ్చిన మీ మిత్రుడు మీ ఇంట్లో కొన్ని రోజులు బస చేసి వెళ్లాడు. వెళ్లాక అతనికి జ్వరమూ పొక్కులూ వచ్చాయి, వైద్యులు ఎంపాక్స్ అని అనుమానిస్తున్నారు. అతనికి హెచ్‌ఐవీ లేదు. హెచ్‌ఐవీ ఉన్నవారికి ఎంపాక్స్ వస్తే బతకరని ఎవరో అనగా విని, అది నిజమా, మీ ఇద్దరికీ ఈ వ్యాధి వేర్వేరుగా వస్తుందా అని అడిగారు.

ఆ మాట నిజం కాదు. మీ విషయంలోనైతే అసలే కాదు. ఏఆర్‌టీ కేంద్రంలో చాలాకాలం పనిచేసిన వైద్యుడిగా నేను ఇందులో నొక్కి చెప్పదలచుకున్నది ఒక్కటే. ఎంపాక్స్ ఎంత తీవ్రంగా వస్తుందన్నది హెచ్‌ఐవీ ఉందా లేదా అన్న దాన్నిబట్టి తేలదు. ఆ హెచ్‌ఐవీ మందులతో అదుపులో ఉందా, రక్తంలో సీడీ4 కణాలు (రోగనిరోధక శక్తిని నడిపించే కణాలు) ఎన్ని ఉన్నాయి అన్న దాన్నిబట్టి తేలుతుంది. మందులు క్రమంగా వేసుకుంటూ, సీడీ4 సంఖ్య బాగా ఉన్న వ్యక్తికి ఎంపాక్స్ సోకితే, హెచ్‌ఐవీ లేని వ్యక్తికి వచ్చినట్టే వచ్చి చాలావరకు రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గిపోతుంది. సీడీ4 సంఖ్య 200 కంటే దిగువకు పడిపోయి, మందులు వాడని వ్యక్తికి అదే వ్యాధి ప్రాణం మీదికి వస్తుంది. ఈ రెండు స్థితులనూ "హెచ్‌ఐవీ రోగులు" అన్న ఒక్క మాట కింద కలిపి మాట్లాడడం వల్లనే మీరు విన్నటువంటి భయాలు పుడుతున్నాయి.

ఈ మాట చెప్పడానికి ఆధారం ఏమిటో వివరిస్తాను. ఎంపాక్స్ మశూచి వైరస్ కుటుంబానికి చెందిన వైరస్ వల్ల వస్తుంది. మనిషికి సోకినట్టు మొదటిసారి గుర్తించింది 1970లో, నేటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో. చాలా కాలం అది మధ్య, పశ్చిమ ఆఫ్రికా గ్రామాల వ్యాధిగానే ఉండిపోయింది. 2017లో నైజీరియాలో మళ్లీ తలెత్తినప్పుడు, ఆసుపత్రుల్లో చేరిన వారిలో హెచ్‌ఐవీ కూడా ఉన్నవారికి పుండ్లు పెద్దవిగా ఉండడం, జబ్బు ఎక్కువ రోజులు సాగడం, చర్మంపై చీము పట్టడం, జననాంగాలపై పుండ్లు రావడం అక్కడి వైద్యులు గమనించారు. 2022లో ఐరోపా, అమెరికా ఖండాల్లో వ్యాధి వేగంగా వ్యాపించినప్పుడు, ఈ పాత అనుభవం వల్ల హెచ్‌ఐవీ ఉన్నవారి గురించి అందరూ ఆందోళన పడ్డారు.

అయితే ఆ ఏడాది జూలైలో 16 దేశాల నుంచి 528 మంది రోగుల వివరాలు ప్రచురితమైనప్పుడు కనిపించిన చిత్రం వేరు. వారిలో 41 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంది. కానీ ఆ హెచ్‌ఐవీ ఉన్నవారిలో దాదాపు అందరూ ఏఆర్‌టీ మీద ఉన్నవారు, ఎక్కువమందికి వైరల్ లోడ్ కనిపించని స్థాయిలో ఉంది. వారికీ, హెచ్‌ఐవీ లేనివారికీ వ్యాధి లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ 528 మందిలో ఒక్కరూ మరణించలేదు. మీరు ఏ గుంపులోకి వస్తారంటే, ఈ గుంపులోకి వస్తారు.

రెండో చిత్రం 2023 ఆరంభంలో బయటకు వచ్చింది. అంతర్జాతీయ వైద్యుల బృందం ఒకటి, హెచ్‌ఐవీతో పాటు ఎంపాక్స్ సోకి, సీడీ4 సంఖ్య 350 కంటే తక్కువ ఉన్న 382 మంది వివరాలను 19 దేశాల నుంచి సేకరించింది. వారిలో 27 మంది చనిపోయారు. చనిపోయిన ప్రతి ఒక్కరికీ సీడీ4 సంఖ్య 200 లోపే ఉంది. 200 లోపు ఉన్నవారిని మాత్రమే లెక్కిస్తే మరణాలు 15 శాతం. 200 పైన ఉన్నవారిలో ఒక్క మరణమూ లేదు. సీడీ4 సంఖ్య 100 లోపు ఉన్నవారిలో సగానికి పైగా, అంటే 54 శాతం మందికి, చర్మం నల్లబడి, కుళ్లి, పెద్ద పెద్ద పుండ్లుగా మారింది. 300 పైన ఉన్నవారిలో అది 7 శాతం మాత్రమే. ఊపిరితిత్తుల్లోకి వ్యాధి చేరడం కూడా 100 లోపు ఉన్నవారిలో 29 శాతం మందిలో కనిపించగా, 300 పైన ఉన్నవారిలో కనిపించలేదు. ఆ వైద్యులు ఈ కుళ్లే రూపాన్ని క్షయ, క్రిప్టోకాకస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే మెదడు జ్వరం వంటి వాటి సరసన, ఎయిడ్స్ దశకు గుర్తుగా నిలిచే వ్యాధుల జాబితాలో చేర్చాలని ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన సబబైనదేనని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ దశలో ఎంపాక్స్ ప్రవర్తన పూర్తిగా మారిపోతోంది.

కారణం మన రోగనిరోధక వ్యవస్థ ఈ జాతి వైరస్‌ను ఎలా తొలగిస్తుందన్న దానిలో ఉంది. పాక్స్ వైరస్‌ను ఆపాలంటే దానికి తగిన ప్రతిరక్షకాలు తయారు కావాలి, వైరస్ చేరిన కణాలను వెతికి చంపే కణాలు పనిచేయాలి. ఈ రెండు పనులకూ పురమాయింపు చేసేవి సీడీ4 కణాలే. హెచ్‌ఐవీ ధ్వంసం చేసేదీ వాటినే. అవి తగినన్ని ఉంటే పది పదిహేను పొక్కులు వచ్చి, చెక్కు కట్టి, రాలిపోతాయి. అవి అడుగంటితే పాత పుండు మానకముందే కొత్త పుండ్లు పుడుతూ, వారాలు, నెలలు గడిచినా శరీరం వైరస్‌ను వదిలించుకోలేకపోతుంది. మశూచిని ప్రపంచం 1980లో నిర్మూలించిందని ప్రకటించేనాటికి ఎయిడ్స్ అన్న వ్యాధి వైద్యులకు ఇంకా తెలియదు. అందువల్ల క్షీణించిన సీడీ4 ఉన్న శరీరంలో పాక్స్ జాతి వైరస్ పెద్ద ఎత్తున ఎలా ప్రవర్తిస్తుందో వైద్యులు చూడడం 2022లోనే మొదలైంది.

ఇక్కడ నన్ను ఎక్కువగా బాధపెట్టే అంకె ఒకటుంది. 2022లో అమెరికాలో తీవ్ర ఎంపాక్స్‌తో ఆసుపత్రుల్లో చేరిన 57 మంది గురించి అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రాలు నివేదిక ఇచ్చాయి. వారిలో 47 మందికి హెచ్‌ఐవీ ఉంది. ఆ 47 మందిలో ఎంపాక్స్ గుర్తించే నాటికి ఏఆర్‌టీ వాడుతున్నది నలుగురే. సీడీ4 తెలిసినవారిలో నూటికి డెబ్భై మందికి పైగా 50 లోపు సంఖ్యలో ఉన్నారు. మందులు దొరకని దేశమేమీ కాదది. ఇల్లు లేకపోవడం, బీమా లేకపోవడం, వివక్ష, ఇలా ఏదో ఒక కారణం చేత చికిత్స అందని మనుషులు వారు. 2024 మే నుంచి దక్షిణాఫ్రికాలో వచ్చిన చిన్న వ్యాప్తిలోనూ ఇదే కనబడింది: రోగుల సంఖ్య తక్కువే, కానీ వారిలో ఎక్కువమంది హెచ్‌ఐవీ ఉన్న యువకులు, చాలామందికి అది అదుపులో లేదు, మరణాలు కూడా సంభవించాయి. ఎంపాక్స్ వారిని చంపిందని రాస్తాం కానీ, చికిత్స లేని హెచ్‌ఐవీ ముందే దారి వేసి పెట్టింది.

మందులు వాడనివారి విషయంలో వైద్యులకు ఎదురయ్యే ఒక చిక్కు గురించి కూడా చెప్పాలి. సీడీ4 బాగా పడిపోయిన వ్యక్తికి ఎంపాక్స్ ఉండగా ఏఆర్‌టీ మొదలుపెడితే, కోలుకుంటున్న రోగనిరోధక శక్తి ఒక్కసారిగా ఎదురుతిరిగి పుండ్లు మరింత ఉధృతం కావచ్చు. పైన చెప్పిన 382 మంది అధ్యయనంలో, ఏఆర్‌టీ మొదలుపెట్టిన లేదా తిరిగి మొదలుపెట్టిన 85 మందిలో 21 మందికి ఇలా జరిగినట్టు అనుమానించారు, వారిలో 12 మంది చనిపోయారు. ఇది విని మందులు ఆపడమో వాయిదా వేయడమో చేయకూడదు. ఏఆర్‌టీ లేకుండా ఆ వ్యక్తి వైరస్‌ను వదిలించుకునే దారే లేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు కూడా త్వరగా మొదలుపెట్టమనే. కాకపోతే అటువంటి రోగిని ఇంటికి పంపకుండా ఆసుపత్రిలో దగ్గరగా గమనిస్తూ మొదలుపెట్టాలి. ఎనిమిదేళ్లుగా మందులు వాడుతున్న మీకు ఈ చిక్కు వర్తించదు.

హెచ్‌ఐవీ ఉన్నవారికి ఎంపాక్స్ సులభంగా అంటుకుంటుందా అని కూడా చాలామంది అడుగుతారు. 2022 నుంచి ప్రపంచవ్యాప్తంగా హెచ్‌ఐవీ స్థితి తెలిసిన ఎంపాక్స్ రోగుల్లో దాదాపు సగం మందికి హెచ్‌ఐవీ ఉన్న మాట వాస్తవం. అయితే ఆ వ్యాప్తి ప్రధానంగా పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషుల మధ్య, సన్నిహిత స్పర్శ ద్వారా సాగింది. ఆ సమూహాల్లో హెచ్‌ఐవీ ఉన్నవారి శాతం మొదటినుంచీ ఎక్కువే. పైగా క్రమం తప్పకుండా ఆసుపత్రికి వెళ్లేవారిలో వ్యాధి త్వరగా బయటపడుతుంది. కాబట్టి ఆ అంకెను చూసి అదుపులో ఉన్న హెచ్‌ఐవీయే ఎంపాక్స్‌ను పిలుచుకొస్తుందని అనుకోనక్కరలేదు. ఈ వైరస్‌కు కావలసింది పొక్కులున్న చర్మంతో దగ్గరి స్పర్శ. అది లైంగిక కలయిక కావచ్చు, ముఖంలో ముఖం పెట్టి చాలాసేపు గడపడం కావచ్చు, రోగి వాడిన పక్కబట్టలు, తువ్వాలు వాడడం కావచ్చు. 2023 సెప్టెంబరు నుంచి కాంగో తూర్పు ప్రాంతంలో వ్యాపించిన ఒకటో క్లేడ్ (ఈ వైరస్ శాఖల్లో ఒకటి)లోని బీ రకం స్త్రీ పురుషులిద్దరికీ, ఇంట్లో పిల్లలకు కూడా సోకింది. ఇది ఒక వర్గపు జబ్బు అనుకుని మిగతావారు ధీమాగా ఉండడం సరికాదు.

మన దేశానికి వస్తే, తొలి కేసు 2022 జూలైలో కేరళలోని కొల్లంలో, యూఏఈ నుంచి వచ్చిన వ్యక్తిలో బయటపడింది. అదే నెలాఖరున త్రిస్సూర్ జిల్లాలో, అక్కడినుంచే వచ్చిన 22 ఏళ్ల యువకుడు చనిపోయాడు. పైన చెప్పిన ఒకటో క్లేడ్ బీ రకం కూడా 2024 సెప్టెంబరులో మలప్పురం జిల్లాలో, మళ్లీ యూఏఈ ప్రయాణికుడిలోనే కనబడింది. 2022లో కువైట్ నుంచి కామారెడ్డికి వచ్చిన ఒక వ్యక్తిని అనుమానంతో హైదరాబాద్ ఫీవర్ ఆసుపత్రిలో ఉంచారు. పుణెలోని వైరాలజీ సంస్థ చేసిన పరీక్షలో అతనికి ఎంపాక్స్ లేదని తేలింది. కాబట్టి మీ మిత్రునికి పరీక్ష ఫలితం వచ్చేదాకా అది అనుమానమే అన్నది గుర్తుంచుకోండి.

పరీక్ష ఎందుకంత ముఖ్యమో మన ఇళ్లలో ఇంకా ఎక్కువ చెప్పాలి. జ్వరంతో ఒంటినిండా పొక్కులు వస్తే ఆటలమ్మ అనో, అమ్మవారు పోసిందనో అనుకుని, వేపాకు పరిచి, మందు వేయకూడదని ఇంట్లోనే ఉంచేవారు నేటికీ ఉన్నారు. ఆ నమ్మకాన్ని నేను ఎగతాళి చేయను. రోగిని విడిగా, శుభ్రంగా ఉంచమన్న అందులోని భాగం మంచిదే. కానీ హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తికి పొక్కులు వస్తే ఇంట్లో వేచి ఉండడం పొరపాటు. ఆటలమ్మలో పొక్కులు పైపైన ఉండి, ఒకే చోట వేర్వేరు దశల్లో కనిపిస్తాయి, మెడలోనూ గజ్జల్లోనూ బిళ్ళలు కట్టడం అరుదు. ఎంపాక్స్‌లో పొక్కులు లోతుగా, గట్టిగా, నడిమధ్య చిన్న గుంటతో ఉంటాయి, బిళ్ళలు కట్టడం సాధారణం, అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ రావచ్చు. అయినా ఈ తేడాలను నమ్ముకుని తీర్పు చెప్పకూడదు. 2022 తరువాత చాలామందికి జననాంగాల దగ్గరో మలద్వారం దగ్గరో రెండు మూడు పుండ్లు మాత్రమే వచ్చాయి, జ్వరం తరువాత వచ్చింది లేదా రానేలేదు. అవి సిఫిలిస్, హెర్పిస్ పుండ్లలాగే ఉంటాయి, కొన్నిసార్లు వాటితో కలిసే ఉంటాయి. సీడీ4 బాగా తక్కువగా ఉన్నవారిలో క్రిప్టోకాకస్ వంటి శిలీంధ్రాలు కూడా చర్మంపై నడుమ గుంటపడ్డ బొడిపెలు తెప్పిస్తాయి. అందుచేత పుండు నుంచి తీసిన నమూనాకు పీసీఆర్ పరీక్ష (వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) చేయడమే నిర్ధారణ. ఎంపాక్స్ అనుమానం ఉన్న ప్రతి వయోజనుడికీ హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా చేయాలి. మీ మిత్రునికి హెచ్‌ఐవీ లేదన్నారు, అది ఎప్పుడు చేసిన పరీక్ష ఆధారంగా అన్నారో రాయలేదు. గల్ఫ్ వీసా కోసం చేసే వైద్య పరీక్షలో హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి కనుక, అప్పుడెప్పుడో వచ్చిన నెగెటివ్ ఫలితాన్నే చాలామంది నేటి స్థితిగా భావిస్తారు. మళ్లీ చేయించుకోమనండి. అదే వీసా పరీక్షలో పాజిటివ్ అని తెలిసి, ప్రయాణం ఆగిపోయిన దుఃఖంలో, ఊళ్లో ఎవరికీ చెప్పకుండా, చికిత్సకూ వెళ్లకుండా ఉండిపోయేవారి గురించి నాకు ఎక్కువ దిగులు. ఈ వ్యాధి ఎవరికి నిజంగా ప్రమాదమో ఆ జాబితాలో మొదట ఉండేది వారే.

చికిత్స విషయంలో స్పష్టంగా ఉండాలి. టెకోవిరిమాట్ అనే మందుపై 2022లో చాలా ఆశలు పెట్టుకున్నారు. 2024లో ఫలితాలు వెలువడిన కాంగో పరీక్షలోనూ, అమెరికా ఆధ్వర్యంలో జరిగిన మరో పరీక్షలోనూ అది పుండ్లను త్వరగా మాన్పలేకపోయింది. అయితే కాంగో పరీక్షలో ఒక ముఖ్యమైన విషయం బయటపడింది. మందు ఇచ్చినవారిలోనూ, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలోనూ మరణాలు 1.7 శాతమే ఉన్నాయి. అక్కడ మామూలుగా కనిపించే 3.6 శాతం కంటే అది బాగా తక్కువ. ఆసుపత్రిలో ఉంచి, నొప్పి తగ్గించి, ద్రవాలు, ఆహారం ఇచ్చి, చీము పడితే యాంటీబయాటిక్ వాడి చేసిన సేవ ఫలితం అది. హెచ్‌ఐవీ ఉన్నవారికి దీనితో పాటు తిరుగులేని మందు ఏఆర్‌టీయే.

టీకా సంగతి. ఎంవీఏ-బీఎన్ అనే టీకాలోని వైరస్ మన శరీరంలో పెరగలేదు కనుక హెచ్‌ఐవీ ఉన్నవారికి కూడా అది సురక్షితం. నాలుగు వారాల తేడాతో రెండు మోతాదులు వేస్తారు. ఏక్యామ్2000 అనే మరో టీకాలో సజీవ వైరస్ శరీరంలో పెరుగుతుంది, దాన్ని హెచ్‌ఐవీ ఉన్నవారికి వేయకూడదు. జర్మనీ అధ్యయనం ఒకటి ఎంవీఏ-బీఎన్ ఒక్క మోతాదు హెచ్‌ఐవీ లేనివారిలో 84 శాతం రక్షణ ఇవ్వగా, హెచ్‌ఐవీ ఉన్నవారిలో సుమారు 35 శాతమే ఇచ్చిందని చూపింది. కాబట్టి విదేశాల్లో ఉండి ఈ టీకా అందుబాటులో ఉన్న తెలుగువారు, హెచ్‌ఐవీ ఉంటే రెండో మోతాదును అసలు వదులుకోవద్దు. మన జాతీయ టీకా కార్యక్రమంలో ఇది లేదు. చిన్నప్పుడు మశూచి టీకా వేయించుకున్న పెద్దవారికి కొంత రక్షణ మిగిలి ఉండవచ్చు గానీ, భుజం మీది మచ్చను చూసి అదేననుకోకండి. నలభై ఏళ్ల లోపు వారికి ఉండేది క్షయ కోసం వేసిన బీసీజీ మచ్చ, దానికీ ఎంపాక్స్‌కూ సంబంధం లేదు.

ఇక మీరు చేయవలసినవి. మిత్రుణ్ని చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు రోజుకు రెండుసార్లు జ్వరం చూసుకోండి, చర్మాన్నీ నోటినీ జననాంగాలనూ గమనించుకోండి. ఆ రోజుల్లో లైంగిక కలయిక వద్దు, రక్తదానం వద్దు. లక్షణాలు లేకపోతే ఉద్యోగం మానుకోనక్కరలేదు. అతను వాడిన పక్కబట్టలు దులపకుండా, చేతులకు గ్లవ్స్ వేసుకుని తీసి, వేడినీటిలో సబ్బుతో ఉతకండి. మీ ఏఆర్‌టీ పుస్తకంలో చివరి సీడీ4 సంఖ్య, చివరి వైరల్ లోడ్, వాటి తేదీలు చూడండి. వైరల్ లోడ్ చేసి ఏడాది దాటితే, లేదా ఈ మధ్య మాత్రలు తప్పి ఉంటే, ఈ వారమే మీ కేంద్రానికి వెళ్లి సంగతి చెప్పండి. మాత్రలు తప్పాయని చెబితే తిడతారన్న భయంతో దాచవద్దు. మన దగ్గర ఏఆర్‌టీ 2004 నుంచి ఉచితం, 2017 నుంచి సీడీ4 ఎంత ఉన్నా ప్రతి ఒక్కరికీ ఇస్తున్నారు. దాన్ని వాడుకోవడానికి అడ్డు రాకూడనిది సిగ్గు.

ఒకవేళ పొక్కు కనిపిస్తే, ముందుగా ఫోన్ చేసి, మాస్కు వేసుకుని, పొక్కులు కప్పుకుని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. మీకు హెచ్‌ఐవీ ఉందని చూస్తున్న వైద్యుడికి చెప్పండి, ఎందుకంటే ఆయన నిర్ణయాలన్నీ మీ సీడీ4 సంఖ్య మీద ఆధారపడతాయి. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆ సమాచారాన్ని మీ అనుమతి లేకుండా ఇతరులకు వెల్లడించకూడదు, దాని కారణంగా చికిత్స నిరాకరించకూడదు. అలా జరిగితే 1097 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగండి. విడి వార్డులో చేరవలసి వస్తే కనీసం నెల రోజులకు సరిపడా ఏఆర్‌టీ మాత్రలు మీతో తీసుకువెళ్లండి, అక్కడ అవి అందుబాటులో లేవన్న కారణంతో ఒక్క రోజు కూడా ఆగకుండా చూసుకోండి. పెచ్చులన్నీ రాలి కింద కొత్త చర్మం వచ్చేదాకా విడిగా ఉండాలి, ఆ తరువాత కూడా పన్నెండు వారాలు కండోమ్ వాడాలి. మిత్రుని పీసీఆర్ ఫలితం వచ్చాక, మీ సీడీ4 సంఖ్యతో కలిపి ఇక్కడే రాయండి.